28 అంగుళాల గట్టి కలప దుంగలకు, పరిమిత బడ్జెట్‌లో ఏ చెయిన్‌సా తీసుకోవాలి?

24 నుంచి 28 అంగుళాల వ్యాసం ఉండి, బాగా ఆరిన గట్టి కలప దుంగలను అడ్డంగా ముక్కలు చేయడానికి ప్రస్తుతం 45 సీసీ, 18 అంగుళాల బార్ (చెయిన్ చుట్టూ తిరిగే పొడవాటి లోహపు పలక) ఉన్న పెట్రోల్ చెయిన్‌సా వాడుతున్నాను. బార్ సగం దిగే వరకు బాగానే కోస్తుంది కానీ, పూర్తిగా దిగగానే ఇంజిన్ వేగం పడిపోయి, కాస్త నొక్కితే చెయిన్ ఆగిపోతోంది.

0.325 అంగుళాల పిచ్ (లింకుల మధ్య దూరం) ఉన్న చెయిన్‌ను 4.8 మి.మీ. గుండ్రటి ఆకురాయితో 30 డిగ్రీల కోణంలో సానబట్టాను, డెప్త్ గేజ్‌లు (ప్రతి పన్ను ఎంత లోతుగా కోయాలో నిర్ణయించే చిన్న బొడిపెలు) సరిచేశాను, ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్ మార్చాను. బార్‌కు ఆయిల్ సరిగానే అందుతోంది. మెత్తని పొడి కాకుండా ముతక పేళ్లే రాలుతున్నాయి కాబట్టి చెయిన్ పదును లోపం కాదనే అనుకుంటున్నాను. రెండు వైపుల నుంచి కోసి చూశాను. కోతలు కలవక దుంగ మధ్యలో మెట్టు మిగులుతోంది, పైగా బార్ కొన దుంగలోనే ఉండటం వల్ల రంపం వెనక్కి తన్నే ప్రమాదం నన్ను నిజంగా భయపెడుతోంది.

నా దగ్గరున్న డబ్బుకు 20 అంగుళాల బార్‌తో కొత్త 60 సీసీ రంపం గానీ, 28 అంగుళాల బార్‌తో వాడిన 70 సీసీ ప్రొఫెషనల్ రంపం గానీ వస్తుంది. ఇలాంటి కలపను తరచూ కోసే అనుభవంతో, ఈ రెండింటిలో దేన్ని ఎంచుకోమంటారు?