సంక్రాంతి వేడుకలో సౌంద్ ఎగ్జిబిట్: వాలంటీర్ల ప్లానింగ్ థ్రెడ్

ఎగ్జిబిట్ కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. సంక్రాంతి వేడుకకి హైస్కూల్ ఆడిటోరియం ఖాయమైంది. లాబీలో ఎడమవైపు ముగ్గుల పోటీ, కుడివైపు మన ఎగ్జిబిట్. గోడలకి టేపు అంటించనివ్వరు కాబట్టి ఈజిల్స్ మీద ఫోమ్ బోర్డులు పెడదాం. ఆరు బోర్డులు చాలు. విషయం కమిటీలో అనుకున్నదే: 1956లో దలీప్ సింగ్ సౌంద్‌ని అమెరికన్ కాంగ్రెస్‌కి పంపిన కాలిఫోర్నియా 29వ డిస్ట్రిక్ట్, అంటే నియోజకవర్గం. మనం ఉంటున్న రివర్‌సైడ్ కౌంటీ, మెక్సికో సరిహద్దుకి ఆనుకుని ఉన్న ఇంపీరియల్ కౌంటీ, ఈ రెండూ కలిస్తే అప్పటి ఆ డిస్ట్రిక్ట్. ఆయన ఓట్లడిగిన ఊళ్లలోనే మన పిల్లలు చదువుకుంటున్నారు.

ఒక్క మాట ముందే చెబుతాను. "కాంగ్రెస్‌కి ఎన్నికైన తొలి భారతీయుడు" అని బ్యానర్ రాసి, ఫొటోకి దండ వేసి ఊరుకుంటే నాకు తృప్తిగా ఉండదు. అక్కడ భారతీయుల ఓట్లు చాలా కొద్ది. సౌంద్ గెలిచిన రోజే కాలిఫోర్నియాలో అధ్యక్ష పదవికి రిపబ్లికన్ ఐసెన్‌హోవర్ గెలిచారు. అలాంటి చోట, అలాంటి ఏడాది, పంజాబ్‌లో పుట్టిన ఒక డెమోక్రాట్ రైతు ఎలా గెలిచాడు? మన బోర్డులన్నీ ఈ ప్రశ్నకే జవాబు చెప్పాలి. ఒక్కో బోర్డు ఎవరు రాస్తారో ఇక్కడే చెప్పండి.

కల్చరల్ టీం:
అన్నయ్యా, ఆలోచన బాగుంది. కానీ మొదటి బోర్డు నీళ్ల గురించి అని కమిటీలో అన్నారు. ఎన్నికల కథకి నీళ్లెందుకు?

ఎగ్జిబిట్ కోఆర్డినేటర్:
నీళ్లు లేకపోతే ఆ డిస్ట్రిక్ట్ రాజకీయమే లేదమ్మా. ఇంపీరియల్ లోయలో చాలా భాగం సముద్రమట్టం కంటే కింద ఉంటుంది. కొలరాడో నది నీళ్లు మళ్లిస్తే తప్ప అక్కడ గడ్డి కూడా మొలవదు. 1905లో నది గట్టు తెగి, దాదాపు రెండేళ్లు నీళ్లు లోయలోకే పోయాయి. ఇప్పటి సాల్టన్ సీ అలా ఏర్పడిందే. మొదట్లో వాడిన కాలువ కొంత దూరం మెక్సికో భూమి మీదుగా వచ్చేది. అందుకే పూర్తిగా అమెరికా గడ్డ మీదే కాలువ కావాలని రైతులు పట్టుబట్టారు. ఎల్ సెంట్రో లాయరు, రిపబ్లికన్ ఫిల్ స్వింగ్ 1921 నుంచి 1933 దాకా కాంగ్రెస్‌లో ఉండి దాని కోసమే పోరాడారు. 1928 బౌల్డర్ కాన్యన్ చట్టం ఆయన పోరాట ఫలితమే. హూవర్ డ్యామ్‌కి, ఆల్-అమెరికన్ కెనాల్‌కి దారి వేసింది ఆ చట్టమే. గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లకి కాలువ అంటే ఏమిటో నేను వేరే చెప్పక్కర్లేదు. అక్కడ పార్టీ ఏదైనా, నీళ్ల మాట తెలియనివాడికి ఓటు పడదు.

ఇంకో సంగతి. ఆ లోయలో లెట్యూస్ కోతలు చలికాలంలోనే. మనం భోగి మంటలు వేసుకునే రోజుల్లో అక్కడ కోతలు ముమ్మరంగా ఉంటాయి. సంక్రాంతికి ఇంతకంటే తగిన విషయం నాకు కనబడలేదు.

యూత్ క్విజ్ టీం:
భూమి చట్టం బోర్డు నేను రాస్తాను. డ్రాఫ్ట్ ఇది, చూడండి:
"సౌంద్ 1920లో బర్క్‌లీకి చదువుకోడానికి వచ్చి, 1924లో లెక్కల్లో పీహెచ్‌డీ చేశారు. ఉద్యోగం దొరకక ఇంపీరియల్ లోయకి వెళ్లి వ్యవసాయంలో దిగారు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులకి పౌరసత్వం చెల్లదంది. పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు భూమి కొనకూడదని కాలిఫోర్నియా 1913లోనే చట్టం చేసింది. 1920లో కౌలుకి కూడా తీసుకోకూడదంది. అందుకే చాలామంది పంజాబీ రైతులు వేరేవాళ్ల పేరు మీద సాగు చేశారు."
ఇది ఎనిమిదో తరగతి పిల్లలకి అర్థమవుతుందా?

ఎగ్జిబిట్ కోఆర్డినేటర్:
బాగా వచ్చింది. దీనికి రెండు విషయాలు కలుపు. ఆ రోజుల్లో అక్కడి పంజాబీ మగవాళ్లు చాలామంది మెక్సికన్ మూలాలున్న ఆడవాళ్లని పెళ్లి చేసుకున్నారు. ఆ కుటుంబాలు లోయ చరిత్రలో భాగం, వాళ్లని వదిలేయొద్దు. రెండోది, 1946 లూస్-సెల్లర్ చట్టం. జులై 2న ట్రూమన్ సంతకం చేశారు. భారతీయులకి పౌరసత్వానికి అర్హత వచ్చింది, వలస కోటా మాత్రం ఏడాదికి 100 మంది. న్యూయార్క్‌లో జె.జె. సింగ్, లోయలో సౌంద్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి తిరిగితే వచ్చిన చట్టం అది. మనలో చాలామందిమి 1965 తర్వాతి చట్టాల వల్ల వచ్చాం. ఇక్కడి మొదటి తలుపు ఎవరు తీశారో పిల్లలకి తెలియాలి.

తర్వాతి బోర్డు నేను రాస్తాను. అందులో వెస్ట్‌మోర్లండ్ అనే చిన్న ఊరు ఉంటుంది. 1949 డిసెంబరులో సౌంద్‌కి పౌరసత్వం వచ్చింది. 1950లో ఆ ఊళ్లో జస్టిస్ ఆఫ్ ది పీస్‌గా, అంటే ఊరి చిన్న కోర్టు జడ్జిగా గెలిస్తే, పౌరసత్వం వచ్చి ఇంకా ఏడాది నిండలేదని కుర్చీ ఎక్కనివ్వలేదు. 1952లో మళ్లీ నిలబడి గెలిచారు. ఆ పోటీలో ఒకాయన నలుగురిలో అడిగాడట: "నువ్వు గెలిస్తే కోర్టుకి రావడానికి తలపాగాలు నువ్వే ఇస్తావా, మేమే కొనుక్కోవాలా?" మనిషి తల మీద ఏముందో తనకి అక్కర్లేదు, లోపల ఏముందో అదే కావాలన్నది సౌంద్ జవాబు సారాంశం. ఆ బోర్డులో ఇది పెద్ద అక్షరాల్లో రావాలి. అడిగినవాడిని నలుగురిలో చిన్నబుచ్చకుండా తను చెప్పదలచుకున్నది చెప్పారు. ముప్పై ఏళ్లకి దగ్గరగా వాళ్ల మధ్యే సాగు చేసి సంపాదించుకున్న చనువు అది.

యూత్ క్విజ్ టీం:
1956 బోర్డులో సౌంద్ మీద పోటీ చేసిన రిపబ్లికన్ అభ్యర్థి జాక్వెలిన్ కాక్రన్ ఫొటో పెట్టొచ్చా? పిల్లలకి ఆమె గురించి చాలా ఆసక్తిగా ఉంది.

ఎగ్జిబిట్ కోఆర్డినేటర్:
తప్పకుండా పెట్టు. ఆమెని చిన్నది చేస్తే ఆయన గెలుపూ చిన్నదవుతుంది. 1953లో ధ్వని వేగాన్ని దాటిన తొలి మహిళ ఆమె. రెండో ప్రపంచయుద్ధంలో మహిళా పైలట్ల దళాన్ని నడిపించింది. మన కౌంటీలోని ఇండియోలో ఆమె రాంచ్ ఉండేది. 1956 ఎన్నికకి ముందు, 1943 నుంచి ఈ ప్రాంతానికి కాంగ్రెస్‌లో రిపబ్లికన్ జాన్ ఫిలిప్స్ సభ్యుడు. ఆయన విరమించుకోవడంతో సీటు ఖాళీ అయింది. ఒకవైపు దేశమంతా తెలిసిన పైలట్, ఇంకోవైపు ఊరి జడ్జి. సౌంద్ తరఫున ఆయన భార్య మారియన్, పిల్లలు ఇంటింటికీ తిరిగారు. తేడా కొద్దిగానే అయినా ఆయనే గెలిచారు.

క్విజ్‌కి మంచి ప్రశ్న ఇంకోటి ఉంది. సభ్యుడు కావాలంటే 7 ఏళ్ల పౌరసత్వం ఉండాలని రాజ్యాంగం. ఈయనకి అది చాలదని డెమోక్రటిక్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే పోటీలో, ప్రత్యర్థి కోర్టుకెక్కాడు. కోర్టు ఆ పిటిషన్‌ని తోసిపుచ్చింది. 1949 డిసెంబరు నుంచి, ఆయన పదవి మొదలైన 1957 జనవరి దాకా లెక్కపెట్టమని పిల్లలనే అడగండి. ఏడేళ్లు నిండాక కొద్ది రోజులే మిగులుతాయి.

ట్రెజరర్:
ఒక హెచ్చరిక. ఈసారి నిలబడుతున్న ఒక అభ్యర్థి టీం మనవాళ్లని సంప్రదించింది, ఈ బోర్డుల పక్కన స్టాల్ పెట్టుకుంటారట. మనది 501సీ3, అంటే లాభాపేక్ష లేని, పన్ను మినహాయింపున్న సంస్థ. ఒక అభ్యర్థికి మద్దతుగా ఏం చేసినా పన్ను మినహాయింపుకే ముప్పు. నాకు టెన్షన్‌గా ఉంది.

ఎగ్జిబిట్ కోఆర్డినేటర్:
వద్దని మర్యాదగా చెప్పేద్దాం సార్, మీ మాటే సరి. ఏ పార్టీకీ సంబంధం లేని ఓటరు నమోదు టేబుల్ మాత్రం పెట్టుకోవచ్చు, పెట్టాలి కూడా. అందరికీ ఒకేలా సాయం చేయాలి, పార్టీ పేరు ఎత్తకూడదు. 2025 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన ప్రాప్ 50 తర్వాత డిస్ట్రిక్ట్‌ల మ్యాప్ మళ్లీ మారింది కాబట్టి ఇప్పటి మ్యాప్ జోలికి వెళ్లొద్దు. 1956 మ్యాప్ ఒక్కటే చాలు.

ఫుడ్ టీం:
తమ్ముడూ, బోర్డులు భోజనాల క్యూ పక్కన పెట్టండి. పులిహోర కోసం నిలబడే ఆ కాసేపూ అందరూ చదువుతారు. కానీ చివరి బోర్డులో సౌంద్ ఓడిపోయారని రాశావు. పండగ పూట అది అవసరమా?

ఎగ్జిబిట్ కోఆర్డినేటర్:
అవసరమే అక్కా. క్యూ పక్కన పెట్టడం మంచి సలహా, అలాగే చేద్దాం. 1958లో, 1960లో ఆయన మళ్లీ గెలిచారు. విదేశీ వ్యవహారాల కమిటీలో పనిచేశారు, 1957 పౌరహక్కుల చట్టానికి ఓటేశారు. 1962 మేలో విమానంలో పక్షవాతం వచ్చింది. ప్రచారానికి రాలేని స్థితిలోనే పేరు బ్యాలెట్ మీద ఉంది, ఆ నవంబరులో ప్యాట్ మార్టిన్ చేతిలో ఓడిపోయారు. రెండేళ్లకే జాన్ టన్నీతో ఆ సీటు మళ్లీ డెమోక్రాట్లకి వచ్చింది, 1970 ఎన్నికల్లో రిపబ్లికన్ విక్టర్ వేసీకి పోయింది. అంటే ఆ ప్రాంతం ఏ పార్టీకీ రాసిచ్చినది కాదు. అక్కడివాళ్లు మనిషిని చూసి ఓటేశారని నేను నమ్ముతున్నాను. ఆ మాట నిలబడాలంటే ఓటమి కూడా బోర్డు మీద ఉండాలి.

ఇంకోటి కూడా రాయాలి. సౌంద్ దిగిపోయాక భారతీయ మూలాలున్న ఇంకొకరు హౌస్‌కి, అంటే కాంగ్రెస్ దిగువ సభకి, ఎన్నిక కావడానికి 40 ఏళ్లు పైనే పట్టింది. 2004లో లూసియానా నుంచి బాబీ జిందాల్. దీని మీద ఏ వ్యాఖ్యా వద్దు, రెండు సంవత్సరాలూ పక్కపక్కన వేస్తే చాలు.

ఇక పనులు. నీళ్ల బోర్డు ఇంకా ఎవరూ తీసుకోలేదు, సివిల్ ఇంజనీర్లు ఎవరైనా ముందుకు రండి. ఫొటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, హౌస్ సేకరణల్లోవే వాడదాం, ప్రతిదానికీ హక్కుల వివరం చూశాకే. తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఒకే బోర్డు మీద ఉండాలి, తెలుగు పైన. టెమెక్యులా వైపు ఉండేవాళ్లు అక్కడి పోస్టాఫీసుకి సౌంద్ పేరున్న ఫలకం ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ప్రింటింగ్‌కి పంపేముందు ప్రతి సంవత్సరాన్నీ రాసినవాళ్లు కాకుండా వేరే ఒకరు సరిచూడాలి. ఆ పని క్విజ్ టీం పిల్లలకే ఇద్దామని నా ఆలోచన, తల్లిదండ్రులు సరేనంటే ఈ శుక్రవారమే మొదలుపెడదాం.