స్టీలు గిన్నె 304వా, 202వా తేల్చుకునేదెలా?

అందరికీ నమస్కారం. మా చెల్లి పెళ్లి దగ్గర పడింది. సారె సామాను కోసం బేగంబజార్‌లో తిరుగుతున్నాం. 304, 202 అనేవి స్టెయిన్‌లెస్ స్టీలు రకాలు (గ్రేడులు). ఎక్కడ అడిగినా "304 అండీ" అంటూ అయస్కాంతం ఆనించి చూపిస్తున్నారు. అంటుకోకపోతే మేలైన సరుకేనట.

నాకు తెలిసినంతలో ఆ పరీక్ష చాలదు. 304లో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ 8 శాతం ఉంటాయి. 202లో ఖరీదైన నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచుతారు. మామూలుగా అయస్కాంతం రెండింటికీ అంటదు. పైగా అసలైన 304 గిన్నె కూడా అంచు మడిచిన చోట కాస్త లాగుతుంది. వంచినప్పుడు లోహం లోపలి అమరిక మారడమే కారణం.

మా ఇంట్లో ఒక పాత గిన్నె ఉంది. పులుసు కాచీ కాచీ అడుగున సూదిమొనంత గుంటలు పడ్డాయి. పేరు కొట్టించిన చుక్కల్లో ఎర్రగా తుప్పు. ఉప్పు, పులుపు కలిసి నిలవుంటే పైనున్న సన్నని క్రోమియం ఆక్సైడ్ పొర దెబ్బతింటుంది మరి. పప్పుల డబ్బాలకు 202 అయినా ఫర్వాలేదు కానీ, పులుసు గిన్నెల దగ్గర రాజీపడను.

రంగు మారే చుక్కల మందుతో పరీక్షించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఫలితం నమ్మొచ్చా? బాలానగర్ వైపు ఒకటి రెండు గిన్నెలైనా ఎక్స్‌ఆర్‌ఎఫ్ మిషన్ (ఎక్స్‌రేలతో ఏ లోహం ఎంతుందో చెప్పేది) మీద చూసిపెట్టేవాళ్లుంటే చెప్పండి. బిల్లు మీద గ్రేడు రాసిచ్చే దుకాణాలు తెలిసినా చాలా సాయం చేసినవాళ్లవుతారు.