చిమ్మిలికి నువ్వులు వేయించాలా, పచ్చివేనా?

గోదారిపిల్ల:
ఎల్లుండి నాగుల చవితి. మా ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగించరు. పుట్ట దగ్గరికి చిమ్మిలి, పచ్చి చలిమిడి, వడపప్పు పట్టుకెళ్తాం. ఈసారి పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి చిమ్మిలి చేయిద్దామని ఉంది. పచ్చి నువ్వులవి చిరుచేదుగా ఉన్నాయని కిందటేడు ఇద్దరూ ముట్టలేదు. కాస్త వేయిస్తే తప్పా?

రోటిపచ్చడి:
తప్పే. పచ్చి నువ్వులూ బెల్లమూ రోట్లో వేసి దంచాలి, అంతే. దంచగా దంచగా నువ్వుల్లో నూనె దిగి, అదే ఉండ కడుతుంది. నెయ్యి చుక్క కూడా అక్కర్లేదు. మిక్సీలో వేశారో, వేడెక్కి జిడ్డు ముద్దవుతుంది. మా అమ్మ దంచుతుంటే పిల్లలం చుట్టూ చేరి ఉండలు చేసేవాళ్ళం.

శాంత_కాకినాడ:
ముందు రోజే వేయించి పెట్టుకోండి, చవితినాడు పొయ్యి ముట్టుకోనట్టేగా. మా పుట్టింట్లో అలాగే. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పాలి. నువ్వులు సగం నలిగాక బెల్లం తురుము వేసి రెండే తిప్పులు. రెండు గ్లాసుల నువ్వులకి గ్లాసున్నర బెల్లం.

కరీంనగరోడు:
మా దిక్కు నాగుల పంచమి శ్రావణంలనే అయిపాయె. మీరు కొట్లాడుండ్రి.

రోటిపచ్చడి:
ముందు రోజు వేయించినా వేయించినవే కదండీ. ఇక మిక్సీ చిమ్మిలికి రుచి ఎక్కడిది?

గోదారిపిల్ల:
నేనడిగింది వేయించడం గురించండీ, మిక్సీ గురించి కాదు.

శాంత_కాకినాడ:
మిక్సీ అంటే నాకూ ఒకటి గుర్తుంది. మా పెద్దాడు కడుపులో ఉన్న ఏడాది మిక్సీలో చేశానని, మా అత్తగారు ఆ ముద్ద పక్కనపెట్టి మళ్ళీ రోట్లో దంచమన్నారు. ఏడో నెల నాకు.

రోటిపచ్చడి:
అత్తగారి మీద కోపం రోలు మీద చూపిస్తే ఎలాగండీ? నేను చెప్పేది పద్ధతి. మా ఇంట్లో ఇప్పటికీ రోట్లోనే, అందరం కలిసి చేసుకుంటాం.

శాంత_కాకినాడ:
అందరం అంటే ఎవరు సార్? నువ్వులు గాలించి ఇసుక తీసేదెవరు? ఆరబెట్టేదెవరు? రోకలి ఎవరి చేతిలో ఉంటుంది? అంతా అయ్యాక రోటికి అంటిన జిడ్డు కడిగేదెవరు?

రోటిపచ్చడి:
మా ఆవిడ. నేనూ పిల్లలూ ఉండలు చేస్తాం. తనకి ఇష్టమే.

శాంత_కాకినాడ:
అడిగారా?

నల్లబెల్లం:
అబ్బో.

రోటిపచ్చడి:
ఇంటి విషయాలు ఇక్కడెందుకు? అడిగింది నువ్వుల గురించి.

గోదారిపిల్ల:
అదే మరి, వేయించనా వద్దా? సరే, సగం అలా, సగం ఇలా. పుట్టకి పచ్చివి, పిల్లలకి వేయించినవి.

రోటిపచ్చడి:
(మర్నాడు పొద్దున్న) అడిగాను. ఏమీ అనలేదు. నువ్వుల డబ్బా, గాలించే గిన్నె తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. శాంత గారూ, కడిగాక ఎంతసేపు ఆరాలి?

శాంత_కాకినాడ:
మంచి ఎండైతే ఒక పూట. లేదంటే పాత పంచె మీద పల్చగా పరిచి రాత్రంతా ఫ్యాను కింద ఉంచండి. గుప్పెడు తీసి వదిలితే చేతికి ఒక్క గింజ అంటుకోకూడదు.