నాలుగో విడతకే లిస్టు పాడవుతోంది: వెబ్ చదివి ఊళ్ల పేర్లు నేర్చుకునే ప్రోగ్రాం

ప్రశ్న:
తెలుగు వార్తల టెక్స్ట్ చదివి నగరాల పేర్లు తనంతట తనే పట్టుకోవాలి. నేర్చుకోవడం మొదలుపెట్టడానికి 12 తెలిసిన పేర్లు సీడ్స్‌గా ఇచ్చాను. వాటి పక్కన వచ్చే మాటలే ప్యాటర్న్‌లు, వాటితో కొత్త పేర్లు, మళ్లీ ప్యాటర్న్‌లు. రెండు విడతలు బాగానే నడిచింది. నాలుగో విడతకి గోదావరి, అసెంబ్లీ, డిసెంబర్ దూరాయి. కటాఫ్ (పేరు చేరడానికి కావాల్సిన కనీస స్కోరు) పెంచితే కొత్త పేర్లే రావట్లేదు.

జవాబు 1:
ముందు "___లో" ప్యాటర్న్ తీసేయండి. విజయవాడలో, అసెంబ్లీలో, డిసెంబర్‌లో... "లో" దేనికైనా తగులుకుంటుంది. డిసెంబర్ ఒక్కటి చేరితే చాలు, "___ మొదటి వారం" ప్యాటర్న్ అయి కూర్చుంటుంది, వెనకే జనవరి, మార్చి. ఇలా లిస్టు అసలు అర్థం నుంచి జారిపోవడాన్నే సెమాంటిక్ డ్రిఫ్ట్ అంటారు.

కటాఫ్‌తో ఇది ఆగదు. నదులు, నెలలు, సంస్థలు కూడా పక్కపక్కనే నేర్పండి, ఒక్కోదానికి 10-15 సీడ్స్. నెల అయినది నగరం కాకూడదని రూల్ పెట్టండి. విడతకు ఎన్ని పేర్లు చేర్చాలో పరిమితి ఉండాలి. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ‌లో 2010 జనవరిలో మొదలైన, వెబ్ చదివి తనంతట తనే నేర్చుకునే ప్రోగ్రాం నెల్‌లో ఒక్కో రకానికి విడతకు 250 దాటనిచ్చేవారు కాదు. అంత చేసినా, 67 రోజుల్లో అది పోగేసిన 2,42,453 వాస్తవాల్లో మొదట చేరినవి 90% సరైనవైతే, చివర్లో చేరినవి 57%. బ్రౌజర్ కుకీలను (వెబ్‌సైట్లు మన కంప్యూటర్‌లో దాచే చిన్న ఫైళ్లు) తినే కుకీలనుకుని, వాటితోపాటు డిలీట్ చేసే ఫైళ్లను కూడా బేకరీ సరుకుల్లో వేసింది పాపం.

జవాబు 2:
పై రూల్ మంచిదే గానీ నగరానికీ జిల్లాకీ మధ్య పెట్టకండి. గుంటూరు రెండూనూ. కృష్ణా అయితే నది, జిల్లా కూడా.

ఇంకోటి, విభక్తులు. "కి" కోసేస్తే సరిపోదు: ఖమ్మానికి నుంచి "ఖమ్మాని" మిగులుతుంది. "-ానికి"ని "-ం"గా మార్చే రూల్ విడిగా రాయాలి. "హైదరాబాద్‌లో" అన్నది కొన్ని సైట్లలో మధ్యన కనపడని, అక్షరాలు కలిసిపోకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ గుర్తు‌తో, కొన్నిట్లో అది లేకుండా ఉంటుంది. చదివే మనకి ఒకటే మాట, ప్రోగ్రాంకి రెండు. విభక్తి కోశాకే దాన్ని తీసేయండి. ముందే తీస్తే "ద్" కింద "ల" ఒత్తు పడుతుంది.

జవాబు 3:
లెక్క దేని మీద వేస్తున్నారు? ఒకే ఏజెన్సీ వార్త పది సైట్లలో మక్కీకి మక్కీ ఉంటుంది, పదిసార్లు కనపడిందని స్కోరు పెరిగిపోతుంది. ఒకే వాక్యాన్ని ఒక్కసారే లెక్కపెట్టండి. "వంటి నగరాలు", "నగర పాలక సంస్థ" లాంటి గట్టి ప్యాటర్న్‌లు కనీసం రెండిటికి దొరికిన పేరునే చేర్చండి.