రోలాఫ్ రూఫ్ అబ్జర్వేటరీ: డాబా మీదా, పెరట్లోనా?

పోరంకి డాబా:
నా దగ్గర 8 అంగుళాల టెలిస్కోపు ఉంది, చూడాలనుకున్న ప్రతిసారీ మోసుకెళ్ళి సెట్ చేసి మళ్ళీ మోసుకొచ్చేసరికి నడుం పోతంది. అందుకే 10 అడుగుల గది కట్టి, పైకప్పు పట్టాల మీద పక్కకి జరిగేలా, అదే రోలాఫ్ రూఫ్ పెట్టిద్దామని. ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపాయన స్లైడింగ్ గేటు చక్రాలే వేస్తా అంటన్నాడు. డాబా మీద కట్టాలా, పెరట్లోనా? వట్టి రేకా, పఫ్ ప్యానెలా (రెండు రేకుల మధ్య వేడి ఆపే ఫోమ్ ఉండేది)? పెరట్లో అయితే చుట్టూ అపార్ట్‌మెంట్లు.

బ్రాడీపేట బైనాక్యులర్:
డాబా వద్దు బ్రో, నేను పడ్డా కాబట్టి చెప్తన్నా. మేలో రాత్రి తొమ్మిదింటికి కూడా స్లాబు మీద చెప్పుల్లేకుండా నిలబడలేం, ఆ వేడి పైకి లేస్తా ఉంటే చందమామ అంచు మరిగే పులుసులో ముక్కలాగా ఊగుద్ది. పైగా కింద మా అమ్మ తలుపు గట్టిగా వేసిందంటే పైన శనిగ్రహం గంతులే. పెరట్లో అయితే గుంట తీసి కాంక్రీటు దిమ్మె పోసి, గది ఫ్లోరు దానికి తగలకుండా చుట్టూ అంగుళం సందు వదిలెయ్, లోపల నువ్వు నడిచినా బొమ్మ కదలదు.

సింగ్‌నగర్:
పెరట్లో అనే ముందు 2024 సెప్టెంబరు గుర్తు తెచ్చుకోండి సార్. బుడమేరు నీళ్ళొచ్చినప్పుడు మా ఫ్రిజ్ హాల్లో తేలింది. స్లాబు చల్లారడానికి రెండు గంటలు ఆగొచ్చు, టెలిస్కోపుని తిప్పే స్టాండు, అదే మౌంటు, దాని మోటార్లు మునిగితే ఎన్నాళ్ళు ఆగుతారు? తెల్ల కూల్ రూఫ్ పెయింటు వేయించండి, మేం వేశాక చాలా తేడా ఉంది. టెలిస్కోపు స్తంభం స్లాబు మధ్యలో కాకుండా కింద కాలమ్ ఉన్నచోట లేపితే ఆ తలుపు గోల కూడా తగ్గుద్ది.

బ్రాడీపేట బైనాక్యులర్:
వరద సరే, మరి గాలి? 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా పక్కింటి డాబా మీద పావురాల షెడ్డు రేకు వచ్చి మా సందులో పడింది. అది బోల్టులేసిన రేకు. నీది చక్రాల మీద ఉండే కప్పు!

ఫిజిక్స్ మాస్టారు:
డాబానా పెరడా మీరే తేల్చుకోండి, నేను కప్పు సంగతి చెప్తాను. మనం 16.5 డిగ్రీల అక్షాంశంలో ఉన్నాం, మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టులో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికొస్తాడు, అంటే ఎండంతా తినేది కప్పే, గోడలు కాదు. ఉన్న డబ్బు కప్పుకే పెట్టు. వట్టి రేకైతే డిసెంబర్‌లో ఇంకో తంటా, తెల్లారుజామున లోపలివైపు చెమ్మ పట్టి చుక్కలు చుక్కలుగా టెలిస్కోపు మీదే కారుద్ది. పఫ్ ప్యానెల్‌తో ఆ బాధ చాలావరకు పోద్ది, కానీ పఫ్ వేసి గది మొత్తం బిగించావా, అది ఫ్లాస్కే. గోడ కింద జాలీలు, పైన ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి, చీకటి పడగానే కప్పు తీసెయ్యాలి. జాలీలకి దోమతెర కొట్టించు, లేకపోతే కందిరీగలు కాపురం పెడతాయి.

కప్పు ఉత్తరానికి మాత్రం జరపకు. మౌంటు సెట్ చేసుకోడానికి చూసుకునే ధ్రువ నక్షత్రం మనకి 16.5 డిగ్రీల ఎత్తులోనే ఉంటది, దాన్నే మూసేస్తది. దక్షిణానికీ వద్దు, దక్షిణాన కనపడే ఒమేగా సెంటారీ అనే నక్షత్రాల గుంపు 26 డిగ్రీలు దాటి లేవదు. నీకు పడమట బెజవాడ లైట్లే కదా, అటు తోసెయ్. అన్నట్టు, పెరట్లోంచి ధ్రువ నక్షత్రం కనపడతందా అసలు?

కొండవీడు బ్యాచ్:
ఇంత ఖర్చెందుకు భయ్యా, అమావాస్యకి టెలిస్కోపు కార్లో వేసుకుని ఊరి బయటికి పోతే సరిపోద్ది కదా.

పోరంకి డాబా:
భయ్యా, నెలకి ఒక్కరోజు కాదు, ఆఫీసు నుంచొచ్చి గంటసేపైనా చూసుకోవాలనే ఈ తిప్పలన్నీ.

మాస్టారూ, నిన్న రాత్రి పెరట్లో నిలబడి చూశా. ధ్రువ నక్షత్రం ఉండాల్సిన చోట పక్క అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు బాల్కనీ, అందులో ఆరేసిన పూల దుప్పటి. డాబానే ఫిక్స్. పఫ్ ప్యానెల్, తెల్ల పెయింటు, కప్పు పడమరకి. నాలుగు మూలలా టర్న్ బకిల్స్‌తో (తిప్పి బిగించే మరలు) కిందకి బిగించాలి, చక్రం పట్టా మీంచి లేవకుండా అడుగున కొక్కేలు కావాలంటే ఆటోనగర్ ఆయన “గేటడిగారా, రైలడిగారా” అన్నాడు, రేటు కూడా పెంచేశాడు.

బ్రాడీపేట బైనాక్యులర్:
కట్టుకో కట్టుకో. మేలో పిలువు, చెప్పులేసుకునే వస్తా.