అంగిలి ఆపరేషన్ అయ్యాక వేలు చీకడం మొదలెట్టింది, మాన్పించాలా?

బుజ్జిదాని అమ్మ:
అందరికీ నమస్తే అండి. మా పాపకి మూడున్నరేళ్ళు. పుట్టుకతోనే గ్రహణమొర్రి, ఎడమవైపు పెదవితో పాటు అంగిలి కూడా చీలి ఉంది. పెదవి నాలుగో నెలలో కుట్టారు, అంగిలి ఏడాది నిండాక. అప్పటిదాకా ఇది వేలు చీకిందే లేదు, నోట్లో పెట్టుకుని కాసేపు నమిలి తీసేసేది. అంగిలి మూసిన మూడు నెలలకి ఒక రాత్రి చీకట్లో పక్కనుంచి చప్ చప్ మని చప్పుడు, లైటేసి చూస్తే బొటనవేలు నోట్లో! నిజం చెప్పొద్దూ, సంతోషంతో ఏడుపొచ్చింది, పాలసీసా పీల్చలేకపోతే మేమే పిండి పిండి తాగించిన పిల్ల మరి. ఇప్పుడేమో అదే తలనొప్పి. నిద్రకి వేలు కావాలి, టీవీకి వేలు కావాలి, వేలు కాయ కాసింది, పళ్ళు కరిచినా పై ముందుపళ్ళకీ కింది వాటికీ మధ్య సందు కనిపిస్తోంది. పైగా నోరు తెరుచుకుని పడుకుంటుంది. మా అత్తగారు కుట్లు ఊడతాయని భయపెడుతున్నారు, ఇంకొకళ్ళు చేదు పూయమంటున్నారు. ఎవరికైనా ఇలా జరిగిందా?

ఇద్దరు పిల్లల నాన్న:
ముందు కుట్ల భయం వదిలేయండి మేడం. ఆ జాగ్రత్తంతా ఆపరేషన్ అయిన మొదటి రెండు మూడు వారాలే, మావాడికి అప్పుడు మోచెయ్యి మడవకుండా రెండు చేతులకీ పట్టీలు వేశారు, వాడు ఆ కర్రచేతులతోనే మంచం మీద డ్రమ్ము వాయించేవాడు. లోపలి కుట్లు వాటంతటవే కరిగిపోతాయి, ఇన్నేళ్ళకి ఊడటానికి ఏం మిగిలుంటాయి. తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తున్నాయేమో మాత్రం చూడండి, వస్తే అంగిట్లో చిన్న చిల్లు మిగిలిందేమో సర్జన్ చూడాలి.

పళ్ళ సంగతి వేరే. మావాడు ఐదేళ్ళు దాటేదాకా చీకాడు, మేం పట్టించుకోలా, ఇప్పుడు తొమ్మిదేళ్ళు. ఆపరేషన్ మచ్చ సాగదు కాబట్టి ఈ పిల్లలకి పై దవడ ఎలాగూ ఇరుగ్గా పెరుగుతుందట, వేలు చీకేటప్పుడు బుగ్గలు లోపలికి నొక్కుతాయి, ఇరుకు మీద ఇరుకు. ఇప్పుడు దవడ వెడల్పు చేసే ప్లేట్ పెట్టారు, తర్వాత కోరపన్ను దిగేలోపు తుంటి ఎముకలోంచి కొంచెం తీసి చిగురు చీలిన చోట పెడతారు. అంతా వేలు వల్లే అనను, అసలు చీకని పిల్లలకీ ఇవన్నీ అవసరపడతాయి. కానీ ఇంకోసారి అయితే నాలుగేళ్ళ లోపే మాన్పించేవాణ్ణి.

మాటల టీచర్:
నేను స్పీచ్ థెరపిస్ట్‌ని. చిల్లు పడ్డ స్ట్రాతో తాగి చూడండి, ఎంత లాగినా గాలే వస్తుంది. అంగిలి చీలిన బిడ్డ నోరు కూడా అంతే, అందుకే మీ పాప అప్పుడు చీకలేదు, ఇప్పుడు చీకుతోందంటే ఆ చిల్లు మూసుకుంది. మీకు ఏడుపు రావడంలో తప్పులేదు :)

నోరు తెరిచి పడుకోవడాన్ని మాత్రం అలవాటు కింద కట్టకండి. ఈ పిల్లల్లో చాలామందికి ముక్కు దూలం వంకరగా ఉంటుంది, ఒకవైపు రంధ్రం నొక్కుకుపోయి ఉంటుంది, గాలి ఆడక నోరు తెరుస్తారు. "నోరు మూసుకో" అంటే పాపం ఊపిరెలా పీల్చుకుంటుంది? గురక ఉన్నా, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తున్నా ఈఎన్టీకి వెంటనే చూపించండి, చెవిలో నీరు చేరిందేమో కూడా అప్పుడే చూస్తారు.

మీరు అడగలేదు గానీ ఇంకోటి. "పాప" అనాల్సిన చోట "ఆఆ" అంటూ గొంతులో టక్కున నొక్కుతోందా? నోట్లో గాలి నిలవని రోజుల్లో కనిపెట్టుకున్న దారి అది, అంగిలి మూసినా దానంతటది పోదు, థెరపీలోనే పోతుంది. బెలూన్లు ఊదిస్తే మాట బాగవుతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు, ఊదడం వేరు మాట్లాడటం వేరు.

కుట్టు పెదవి:
నేనూ ఇలా పుట్టినవాణ్ణే, ఇప్పుడు ముప్పై దాటాయి. చేదు వద్దండి. నాకు పూశారు, చొక్కాకి తుడుచుకుని మళ్ళీ పెట్టుకునేవాణ్ణి. డాక్టర్లందరూ నా నోట్లోకే చూసేవాళ్ళు, ఇంటికొస్తే "నోట్లోంచి తియ్యి" అని అరుపులు, ఇక ఈ నోరు నాది కాదేమో అనిపించేది. పగలు చేతికి పని ఇవ్వండి, రాత్రి సంగతి తర్వాత చూడొచ్చు.

బుజ్జిదాని అమ్మ:
అందరికీ థాంక్స్ అండి. నీళ్ళు ముక్కులోంచి రావట్లేదు, చూశాను. గురక ఉంది, ఈఎన్టీ అపాయింట్‌మెంట్ తీసుకున్నా. చేదు ఆలోచన మానేశాం. పగలు ఫర్వాలేదు, బొమ్మలు ఇస్తే మర్చిపోతోంది. నిన్న రాత్రి మాత్రం ఆగలేక ఆ చెయ్యి నా చేతిలో పట్టుకుని పడుకోబెట్టా. పది నిమిషాలు ఊరుకుంది, తర్వాత రెండో బొటనవేలు పెట్టుకుంది.