సీసీ రోడ్డు ముందా, వాన నీటి కాలువ ముందా? కౌన్సిల్ మీటింగ్‌లోపు సలహా కావాలి

కాలనీ సెక్రటరీ:
నమస్తే అండీ. కోస్తాలో ఒక మోస్తరు ఊరు మాది. వచ్చే వారం కౌన్సిల్ మీటింగ్ ఉంది. మా వీధి సీసీ రోడ్డు ఎజెండాలోకి వచ్చింది, అంచనా 38 లక్షలు. దాని పక్కన వెయ్యాల్సిన వాన నీటి కాలువను మాత్రం "నిధుల లభ్యతను బట్టి" అని పక్కన పెట్టారు. కార్పొరేటర్ గారేమో "ముందు రోడ్డు తీసేసుకోండి, వద్దంటే డబ్బు పక్క డివిజన్‌కి పోతుంది" అంటున్నారు. అసోసియేషన్‌లో సగం మంది రోడ్డు వైపే ఉన్నారు. మాది పల్లపు వీధి, గట్టి వాన పడితే చివరి ఇళ్ల ముందు మోకాలి లోతు నీళ్లు. ఎవరిని ఏం అడగాలో చెప్పండి, ఒకటే టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ ఏఈ:
అమ్మా, మున్సిపల్ ఇంజనీరింగ్‌లో ఎస్టిమేట్లు రాసి రాసి రిటైరైనవాణ్ణి. "పక్క డివిజన్‌కి పోతుంది" అన్న మాట ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ వింటున్నాను. అది సగమే నిజం. ఎజెండాలో అంచనా విలువ పక్కన డబ్బు ఏ పద్దు నుంచో చూడండి. జనరల్ ఫండ్ (మున్సిపాలిటీ సొంత రాబడి) అయితే పోయే మాట నిజమే, కానీ దాన్ని కాలువకు మార్చమని అడిగే వీలూ అందులోనే ఉంది. గ్రాంటు అయితే దాని షరతులు దానికుంటాయి. ఫైనాన్స్ కమిషన్ నిధుల్లో పెద్ద వాటా తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కట్టేసి ఇస్తారు, దాన్ని రోడ్లకు మళ్లించడానికి కుదరదు.

ఎస్టిమేట్ కాపీ తీసుకుని "పాత రోడ్డు తొలగింపు" అనే ఐటమ్ ఉందేమో వెతకండి. నాకైతే అన్నిటికంటే ముఖ్యం ఇదే. అది లేదంటే పాత రోడ్డు మీదే కాంక్రీటు పోస్తారు. వీధి ఆరంగుళాలు లేస్తుంది, ఇవాళ వీధిలో నిలిచే నీళ్లు రేపు గుమ్మం దాటి లోపలికొస్తాయి. తర్వాతెప్పుడో కాలువ మంజూరైందా, కొత్త రోడ్డు అంచు కోసి మళ్లీ అతుకు వెయ్యాలి. ఆ అతుకు ఎన్నాళ్లుంటుందో మీరే చూస్తారు.

కాలువ విషయంలో డబ్బు కంటే ముందు అడగాల్సింది, అది ఎక్కడికెళ్లి కలుస్తుంది అని. కలిసే చోట మేజర్ డ్రెయిన్ (వీధి కాలువలన్నీ చేరే పెద్ద కాలువ) అడుగు మీ కాలువ అడుగు కంటే ఎత్తులో ఉంటే నీళ్లు వెనక్కి తంతాయి. అందుకే పని కింది నుంచి పైకి రావాలి. మనవాళ్లు కొబ్బరికాయ కొట్టేది మాత్రం జనం ఉన్న పై వీధిలోనే.

హైదరాబాద్ సంగతే చూడండి. 2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. నాలాలు వెడల్పు చెయ్యాలని కిర్లోస్కర్ కన్సల్టెంట్స్ 2003లోనే నివేదిక ఇచ్చారు. మళ్లీ 2020 అక్టోబరు వరద ముంచాక గానీ ఎస్ఎన్‌డీపీ అనే నాలాల అభివృద్ధి పథకం పేరుతో సుమారు 985 కోట్లు కదల్లేదు. నాలా అంటే ఆక్రమణలు, భూసేకరణ, కోర్టు కేసులు. రోడ్డుకు ఆ గొడవలేవీ లేవు, కార్పొరేటర్ అయిదేళ్లలోపే ఫోటో దిగొచ్చు. డబ్బు రోడ్డు వైపు పరిగెత్తడానికి నాకు కనిపించిన కారణం ఇదే.

కాబట్టి రోడ్డు వద్దనకండి. రోడ్డూ కాలువా కలిపి ఒకే అంచనాగా సవరించమని, వీధి సగమే పూర్తయినా సరేనని మీటింగ్‌కి ముందే కార్పొరేటర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, కమిషనర్‌కు కాపీ పెట్టండి. ఆఖరి నిమిషంలో వచ్చే టేబుల్ అంశాల మీద ఓ కన్నేసి ఉంచండి. చర్చ లేకుండా పాసయ్యేవి చాలావరకు అవే.

బెజవాడ బుల్లోడు:
ఏఈ గారు చెప్పింది అక్షరాలా నిజం. మా ఊళ్లో వాన నీటి కాలువలకు కేంద్రం 461 కోట్లు ఇచ్చింది. పని మధ్యలో ఆగిపోయింది. చివర కలవని కాలువకు దోమలే దిక్కు. ఒక్కటి చెప్పాలి, 2024 సెప్టెంబరులో సింగ్ నగర్ మునిగింది ఈ కాలువలు లేక కాదు. బుడమేరు వాగుకు గండ్లు పడి వచ్చిన నీళ్లవి, వీధి కాలువలు ఎన్నున్నా ఆగేవి కావు. రెండూ కలిపేసి మాట్లాడితే అధికారులకు తప్పించుకునే దారి మనమే చూపించినట్టు.

షార్లెట్ నుంచి:
మాకిక్కడ అమెరికాలో నీళ్ల బిల్లులోనే స్టార్మ్ వాటర్ (వాన నీటి) ఫీజు వస్తుంది. ఇంటి కప్పు, డ్రైవ్‌వే లాంటివి ఎంత నేల కప్పేస్తే అంత ఎక్కువ. ఆ డబ్బు కాలువలకే వాడాలి, రోడ్లకు ముట్టుకోరు. మొదట్లో తిట్టుకున్నాను, ఇప్పుడు మన దగ్గరా ఉంటే బాగుండనిపిస్తోంది.

బెజవాడ బుల్లోడు:
బాబాయ్, ఇక్కడ ఇంకో పన్ను అనగానే ముందు మీ బాబాయే ధర్నాకు కూర్చుంటాడు.

కాలనీ సెక్రటరీ:
ఎస్టిమేట్ కాపీ దొరికిందండీ. పాత రోడ్డు తొలగింపు ఐటమ్ లేదు! పద్దు జనరల్ ఫండే. మేజర్ డ్రెయిన్ మా వీధి చివరికి దగ్గర్లోనే ఉంది గానీ ఏది పల్లమో కంటికి తెలియడం లేదు.

రిటైర్డ్ ఏఈ:
ఇల్లు కట్టే మేస్త్రి ఎవరినైనా లెవెల్ పైపుతో రమ్మనండి. నీళ్లు నింపిన ఆ పారదర్శకపు పైపుతో అంచెలంచెలుగా జరుపుకుంటూ డ్రెయిన్ అడుగుకూ చివరి ఇంటి గుమ్మానికీ తేడా కొలిపించండి. పూడిక మట్టం కాదు సుమా, కర్ర గుచ్చి అసలు అడుగు చూడాలి. ఆ అంకె మీ వినతిపత్రం మొదటి లైన్లో రాయండి.